వెట్ స్కూలుకు ముందు ఏడాది సర్టిఫికెట్ కోర్సు: ఎవరికి అక్కరకొస్తుంది, ఎవరికి భారమవుతుంది

క్లుప్తంగా: అమెరికాలో పశువైద్య కళాశాల సీటు కోసం ప్రయత్నించేవారిని ఉద్దేశించి కొన్ని విశ్వవిద్యాలయాలు ఏడాదిలో ముగిసే గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోర్సులు నడుపుతున్నాయి. డిగ్రీలో గ్రేడ్లు తగ్గి, ఆ తర్వాత చదువు గాడిన పడినవారికి ఇవి అక్కరకొస్తాయి. తప్పనిసరి సబ్జెక్టులు మిగిలిపోయినవారికీ, పశువైద్యుల దగ్గర పనిచేసిన అనుభవం లేనివారికీ వీటివల్ల పెద్దగా ఒరిగేది లేదు. 2026 జులై 1 నుంచి విద్యారుణాలకు కొత్త పరిమితులు వచ్చాయి కాబట్టి, ఈ ఏడాదికి చేసే అప్పు తర్వాతి నాలుగేళ్ల చదువుకు దొరికే అప్పులోంచి తగ్గుతుంది.

పేరులోనే తికమక

తెలుగునాట గ్రాడ్యుయేట్ అంటే డిగ్రీ పాసైన మనిషి. అమెరికాలో గ్రాడ్యుయేట్ కోర్సు అంటే మనం పీజీ అనే స్థాయి చదువు. అందుకే గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అన్న మాట వినగానే డిగ్రీతో సమానమైనదేదో అనుకునేవారు కొందరు, పీజీ డిప్లొమా అనుకునేవారు కొందరు. రెండో అర్థమే దగ్గరగా ఉంటుంది. బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారికే ప్రవేశం. సాధారణంగా 12 నుంచి 30 క్రెడిట్లు. మాస్టర్స్ కంటే చిన్నది, థీసిస్ ఉండదు.

ఇంకో తికమక రెండు దేశాల పద్ధతుల్లోని తేడావల్ల వస్తుంది. ఇక్కడ ఇంటర్ బైపీసీ తర్వాత నేరుగా బీవీఎస్సీ అండ్ ఏహెచ్‌లో చేరతారు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. అక్కడ హైస్కూలు తర్వాత కొన్నేళ్లు కాలేజీలో చదివి, నిర్ణీత సైన్సు సబ్జెక్టులు పూర్తిచేసి, ఆపైన డీవీఎం అనే నాలుగేళ్ల పశువైద్య పట్టా కోర్సులో చేరాలి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మాత్రం ఇదే పట్టాను వీఎండీ అని ఇస్తుంది. చాలా పశువైద్య కళాశాలలు బ్యాచిలర్ డిగ్రీ పూర్తికాకపోయినా, అడిగిన సబ్జెక్టులన్నీ ఉంటే దరఖాస్తు తీసుకుంటాయి. గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదన్న సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఒకసారి తిరస్కారం ఎదురైనవారో, ఎదురవుతుందని అనుమానం ఉన్నవారో ఎంచుకునే దారి ఇది.

చూడ్డానికి ఒకేలా కనిపించే మూడు చదువులున్నాయి. మొదటిది పోస్ట్‌బ్యాక్: డిగ్రీ అయ్యాక మళ్లీ అండర్‌గ్రాడ్ స్థాయి (అంటే డిగ్రీ స్థాయి) సబ్జెక్టులు చదవడం. రెండోది గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్: ఫిజియాలజీ, ఇమ్యునాలజీ, పెథాలజీ, ఫార్మకాలజీ లాంటివి పీజీ స్థాయిలో ఏడాదిపాటు చదవడం. మూడోది ఏడాది మాస్టర్స్: కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో థీసిస్ లేని బయోమెడికల్ సైన్సెస్ ఎంఎస్, టెనెసీలోని లింకన్ మెమోరియల్ విశ్వవిద్యాలయంలో వెటర్నరీ బయోమెడికల్ సైన్స్ మాస్టర్స్ ఈ తరహావే. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ (ఏవీఎంఏ) గుర్తింపు ఇచ్చేది డీవీఎం కోర్సులకూ వెటర్నరీ టెక్నీషియన్ కోర్సులకూ మాత్రమే. ప్రీ-వెట్ సర్టిఫికెట్‌కు ఏవీఎంఏ గుర్తింపు ఉందని ఎవరైనా చెబితే ఆ మాట దగ్గరే ఆగి ఆరా తీయాలి. ఈ సర్టిఫికెట్‌తో వైద్యం చేసే లైసెన్సు రాదు, టెక్నీషియన్ లైసెన్సూ రాదు.

జీపీఏ లెక్క లోపల ఏం జరుగుతుంది

అమెరికా పశువైద్య కళాశాలలకు దరఖాస్తులు ఎక్కువగా వీఎంకాస్ అనే ఒకే కేంద్ర వ్యవస్థ ద్వారా వెళ్తాయి. దీన్ని నడిపేది పశువైద్య కళాశాలల సంఘం ఏఏవీఎంసీ. టెక్సాస్‌కు టీఎండీఎస్ఏఎస్ అనే సొంత వ్యవస్థ ఉంది. విద్యార్థి చదివిన ప్రతి కాలేజీ నుంచీ ట్రాన్స్‌క్రిప్టు (గ్రేడ్ల పత్రం) తెప్పించి, అన్ని గ్రేడ్లనూ ఒకే కొలతకు తెచ్చి, రకరకాల జీపీఏలు (గ్రేడ్ల సగటులు) లెక్కగడతారు: మొత్తం జీపీఏ, సైన్సు జీపీఏ, చివరి 45 సెమిస్టర్ క్రెడిట్ల జీపీఏ. చాలామంది పట్టించుకోని నియమం ఒకటుంది. ఒక సబ్జెక్టును రెండోసారి చదివితే సొంత కాలేజీ పాత గ్రేడును తీసేసి ఉండొచ్చు. వీఎంకాస్ రెండు గ్రేడ్లనూ కలుపుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక విద్యార్థి 120 క్రెడిట్ల డిగ్రీని 4కు 2.9 జీపీఏతో ముగించారనుకుందాం. క్రెడిట్లను గ్రేడు పాయింట్లతో గుణిస్తే 348 పాయింట్లు. ఇప్పుడు 30 క్రెడిట్ల సర్టిఫికెట్‌లో అన్నిటా ఏ గ్రేడే (4 పాయింట్లు) వచ్చిందంటే మరో 120 పాయింట్లు. మొత్తం 468 పాయింట్లను 150 క్రెడిట్లతో భాగిస్తే 3.12. ఏడాదంతా ఒక్క గ్రేడూ తగ్గకుండా కష్టపడితే మొత్తం జీపీఏలో కలిసొచ్చింది 0.22.

చివరి 45 క్రెడిట్ల లెక్క ఇలా ఉండదు. డిగ్రీ ఆఖర్లో చదివిన 15 క్రెడిట్లలో ఆ విద్యార్థికి సగటున 3.0 ఉంటే 45 పాయింట్లు, సర్టిఫికెట్‌వి 120. మొత్తం 165ను 45తో భాగిస్తే 3.67. అదే మనిషి, అవే మార్కులు. ఒక కొలతలో కటాఫ్ పక్కన నిలబడ్డవారు, ఇంకో కొలతలో పోటీలో దర్జాగా ఉన్నారు. సర్టిఫికెట్ కోర్సు బలం ఇక్కడే ఉంది, పరిమితీ ఇక్కడే ఉంది. చివరి 45 క్రెడిట్లకు ఎక్కువ విలువిచ్చే కళాశాలల జాబితా ముందే తయారుచేసుకుంటే ఈ ఏడాదికి అర్థం ఉంటుంది. మొత్తం జీపీఏనే మొదటి జల్లెడగా వాడే కళాశాలలకు మాత్రమే దరఖాస్తు చేస్తే ఫీజు కట్టి కొన్నది 0.22.

దీనికి ఇంకో మెలిక ఉంది. గ్రాడ్యుయేట్ స్థాయి క్రెడిట్లను తమ లెక్కలో కలపాలా వద్దా అన్నది కళాశాల ఇష్టం. కొన్ని కలుపుతాయి, కొన్ని అండర్‌గ్రాడ్ గ్రేడ్లనే చూసి సర్టిఫికెట్ గ్రేడ్లను విడిగా గమనిస్తాయి. రెండో రకం కళాశాలే గమ్యమైతే అండర్‌గ్రాడ్ స్థాయి పోస్ట్‌బ్యాక్ మేలు, ఫీజు కూడా తరచుగా తక్కువే.

గ్రేడ్లు బాగా రాకపోతే జరిగే నష్టం, బాగా వస్తే కలిగే లాభంకంటే ఎక్కువ. పై విద్యార్థే 24 క్రెడిట్ల కోర్సు 3.5తో ముగిస్తే మొత్తం జీపీఏ సరిగ్గా 3.0 దగ్గర ఆగుతుంది. అంతకంటే ముఖ్యం, గ్రాడ్యుయేట్ స్థాయిలో సాధారణంగా 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్, అంటే హెచ్చరిక కింద ఉంచడం. అక్కడ బీ అంటే గట్టెక్కడం, సీ అంటే దాదాపు తప్పినట్టే. పశువైద్య కళాశాల మొదటి ఏడాది ఎలా ఉంటుందో అదే తీరు సబ్జెక్టుల్లో సీ వచ్చిందంటే, ఈ విద్యార్థి డీవీఎం బరువు మోయలేరన్న అనుమానానికి విద్యార్థి చేతులారా రుజువు ఇచ్చినట్టవుతుంది. డిగ్రీలో గ్రేడ్లు ఎందుకు తగ్గాయో ముందు తేల్చుకోవాలి అనేది అందుకే. వారానికి 30 గంటలు ఉద్యోగం చేస్తూ చదివినందువల్ల తగ్గి ఉంటే, ఆ ఉద్యోగం ఇంకా ఉందా? అనారోగ్యం కారణమైతే అది తగ్గిందా? కారణం అలాగే ఉండగా కష్టమైన కోర్సులో చేరితే ఫలితమూ అలాగే ఉంటుంది.

సర్టిఫికెట్ తీర్చలేని లోటు: మిగిలిపోయిన సబ్జెక్టులు

తిరస్కారానికి గురైన దరఖాస్తుల్లో గ్రేడ్ల సమస్య కాని సమస్యలు చాలా ఉంటాయి. ఒక్కో కళాశాల అడిగే సబ్జెక్టుల జాబితా ఒక్కోలా ఉంటుంది. జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ దాదాపు అంతటా ఉంటాయి. జెనెటిక్స్, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, ఫిజియాలజీ చాలాచోట్ల. పశు పోషణ, ఉపన్యాస కళ లాంటివి కొన్నిచోట్ల.

గ్రాడ్యుయేట్ స్థాయి సబ్జెక్టు పెద్దది కాబట్టి కింది స్థాయిది దానంతటదే తీరిపోతుందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. పీజీ స్థాయి ఇమ్యునాలజీలో ఏ వచ్చినా, ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండో సెమిస్టర్ చదవకపోతే ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది. బయోకెమిస్ట్రీనే దగ్గరగా చూద్దాం. ఒక కళాశాల ఒక సెమిస్టర్ చాలంటుంది. ఇంకొకటి అప్పర్ డివిజన్ కోర్సు, అంటే మూడు, నాలుగు సంవత్సరాల స్థాయిదే కావాలంటుంది. నర్సింగ్, న్యూట్రిషన్ విద్యార్థుల కోసం పెట్టిన తేలికపాటి బయోకెమిస్ట్రీ దానికి చెల్లదు. మరొకటి ల్యాబ్ ఉండాలంటుంది. పాస్, ఫెయిల్ పద్ధతిలో గ్రేడు వస్తే ఒప్పుకోనివి ఉన్నాయి. సైన్సు సబ్జెక్టులు చదివి ఇన్నేళ్లు దాటితే చెల్లవనే నియమమూ కొన్నిచోట్ల ఉంది. డిగ్రీ అయ్యాక చాలాకాలం ఉద్యోగం చేసి మళ్లీ చదువువైపు వచ్చేవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఈ చివరి నియమమే.

దీనికి విరుగుడు ఓపికగా చేసే కాగితం పని. దరఖాస్తు చేయాలనుకున్న కళాశాలలను పైన అడ్డంగా, సబ్జెక్టులను పక్కన నిలువుగా రాసి, ప్రతి గడిలో తాను చదివిన కోర్సు నంబరు, క్రెడిట్లు, ల్యాబ్ ఉందా లేదా, గ్రేడు, సంవత్సరం నింపాలి. అనుమానం ఉన్న గడికి ఆ కళాశాల అడ్మిషన్ల కార్యాలయానికి కోర్సు సిలబస్ జతచేసి ఈమెయిల్ పంపి, జవాబును దాచుకోవాలి. ఇది ముగిసేసరికి సర్టిఫికెట్ కావాలో, కమ్యూనిటీ కాలేజీలో రెండు సబ్జెక్టులు సరిపోతాయో చాలావరకు తెలిసిపోతుంది. రెండు సబ్జెక్టుల లోటుకు ఏడాది కోర్సులో చేరినవారు నష్టపోయేది డబ్బొక్కటే అనుకోకూడదు, ఒక దరఖాస్తు సంవత్సరం కూడా పోతుంది.

ఏడాది కోర్సు, రెండేళ్ల కాలం

కోర్సు ఏడాదే. దాన్నుంచి డీవీఎం తరగతి గదిలోకి చేరడానికి మాత్రం తరచుగా రెండేళ్లు పడుతుంది. వీఎంకాస్ దరఖాస్తు గడువు సెప్టెంబరు మధ్యలో ముగుస్తుంది. సర్టిఫికెట్ తరగతులు మొదలయ్యేది ఆగస్టులో. అదే సెప్టెంబరులో దరఖాస్తు చేస్తే అందులో సర్టిఫికెట్ సబ్జెక్టుల పేర్లు మాత్రమే ఉంటాయి, గ్రేడ్లుండవు. మొదటి సెమిస్టర్ ఫలితాలు డిసెంబరులో వస్తాయి. అప్పటికే కొన్ని కళాశాలలు ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో నిర్ణయించేసి ఉంటాయి. కొత్త గ్రేడ్లు పంపితే తీసుకునేవి కొన్ని, గడువు తేదీ తర్వాత వచ్చిన దేన్నీ చూడనివి కొన్ని.

2026 ఆగస్టులో చేరినవారు 2027 మేలో కోర్సు ముగించి, 2027 సెప్టెంబరులో పూర్తి గ్రేడ్లతో దరఖాస్తు చేస్తే, సీటు వచ్చినా తరగతులు మొదలయ్యేది 2028 ఆగస్టులో. మధ్యలో దాదాపు పదిహేను నెలలు. ఆ కాలాన్ని క్లినిక్‌లోనో ల్యాబ్‌లోనో గడిపేవారికి అది బలం. ఆ కాలానికి జీతమో రుణమో ఏ ఏర్పాటూ లేనివారు అక్కడ చిక్కుకుంటారు. ఏఏవీఎంసీ కళాశాలల్లో సీటు ఖాయం చేసుకోవడానికి ఉమ్మడి గడువు ఏప్రిల్ 15. ఆ తేదీ తర్వాత వెయిటింగ్ లిస్టులు కదులుతాయి కాబట్టి ఇల్లు, ఉద్యోగం విషయాల్లో తిరిగిరాని నిర్ణయాలు అంతకుముందు తీసుకోకపోవడం మంచిది.

అప్పు లెక్క మారింది

ఇప్పుడు ఈ అంశం చర్చకు రావడానికి అసలు కారణం రుణాల చట్టం. 2025 జులై 4న సంతకమైన చట్టం, 2026 జులై 1 నుంచి కొత్త విద్యార్థులకు గ్రాడ్ ప్లస్ రుణాన్ని ఎత్తేసింది. చదువుకు ఎంత ఖర్చయితే అంతవరకు కేంద్ర ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకునే వీలు కల్పించిన పథకం అది. ఇప్పుడు డీవీఎం లాంటి ప్రొఫెషనల్ డిగ్రీకి ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లు హద్దు. ఇతర గ్రాడ్యుయేట్ చదువులకు ఏడాదికి 20,500, మొత్తం 1,00,000.

ఈ రెండు హద్దులూ వేర్వేరు సంచులు కావన్నది సర్టిఫికెట్ కోర్సుకు సంబంధించి గుర్తుంచుకోవాల్సిన విషయం. గ్రాడ్యుయేట్ విద్యార్థిగా తీసుకున్న మొత్తం, ఆ తర్వాత ప్రొఫెషనల్ డిగ్రీకి ఉన్న 2,00,000లోంచి తగ్గుతుంది. సర్టిఫికెట్ కోసం 20,500 డాలర్లు తీసుకున్నవారికి డీవీఎంకు మిగిలేది 1,79,500. మొదటి మూడేళ్లూ 50,000 చొప్పున వాడుకుంటే నాలుగో ఏటికి 29,500 మాత్రమే ఉంటుంది. నాలుగో ఏడాది అంటే క్లినికల్ రొటేషన్ల ఏడాది. ఊళ్లు మారాలి, కారు కావాలి, లైసెన్సు పరీక్ష ఫీజు కట్టాలి. పార్ట్‌టైమ్ పనికి తీరిక ఉండదు. ఈనాడు తీసుకున్న 20,500 లోటుగా బయటపడేది సరిగ్గా ఆ ఏడాదిలో.

పాత విద్యార్థులకు కొంత వెసులుబాటు ఉంది. 2026 జూన్ 30 నాటికి ఒక కోర్సులో ఉండి దానికి అప్పటికే రుణం తీసుకున్నవారు, ఆ కోర్సు వరకు పాత నియమాలతో కొంతకాలం కొనసాగొచ్చు. ఈ వెసులుబాటు కోర్సుకే కట్టుబడి ఉంటుంది. పాత నియమాల కింద సర్టిఫికెట్ చదివినవారు తర్వాత డీవీఎంలో చేరితే అది కొత్త కోర్సు, కొత్త నియమాలే వర్తిస్తాయి.

అంతగా తెలియని ఇంకో దారి కూడా ఉంది. ప్రొఫెషనల్ కళాశాల ప్రవేశానికి తప్పనిసరి అయిన సబ్జెక్టులను మాత్రమే, ఏ సర్టిఫికెట్టూ డిగ్రీ లేకుండా చదివేవారికి సన్నాహక కోర్సుల కింద వరుసగా పన్నెండు నెలల పాటు కేంద్ర రుణం దొరుకుతుంది. స్వతంత్ర విద్యార్థికి గరిష్ఠంగా 12,500 డాలర్లు. ఆ సబ్జెక్టులు ప్రవేశానికి అవసరమేనని కాలేజీ ధ్రువీకరించాలి. జీపీఏ పెంచుకోవడం కోసం చదివే అదనపు సబ్జెక్టులకు ఇది వర్తించదు. రుణ కార్యాలయంలో సన్నాహక కోర్సుల రుణం అని విడిగా అడిగితేగాని ఈ మాట ఎత్తేవారు తక్కువ.

గంటలు, సిఫార్సు లేఖలు

వీఎంకాస్ అనుభవాన్ని విడగొట్టి అడుగుతుంది. పశువైద్యుల పర్యవేక్షణలో చేసినది వెటర్నరీ అనుభవం. వైద్యుల ప్రమేయం లేకుండా జంతువులతో గడిపినది, అంటే డెయిరీ పని, షెల్టర్‌లో కుక్కల సంరక్షణ, గుర్రాలశాల పని లాంటివి, జంతు అనుభవం. పరిశోధన వేరే విభాగం. ఇంట్లో పెంచుకునే కుక్కతో గడిపిన పదేళ్లను వెటర్నరీ గంటల్లో రాసినవారి దరఖాస్తు చదివేవారికి, ఈ వృత్తి అంటే ఏమిటో వీరికి తెలియదన్న అభిప్రాయం ఏర్పడుతుంది. కనీస గంటలు చెప్పే కళాశాలల్లో కొన్ని 100 అంటాయి, కొన్ని 200 అంటాయి. సీటు వచ్చినవారి గంటలు తరచుగా వాటికి చాలా పైన ఉంటాయి. ఒకే చిన్న జంతువుల క్లినిక్‌లో వెయ్యి గంటలకంటే, దాంతోపాటు పశువుల ఫారం, షెల్టర్, ల్యాబ్ జంతువుల విభాగం లాంటి రెండు మూడు చోట్ల తిరిగిన అనుభవానికి విలువెక్కువ.

చాలా సర్టిఫికెట్ కోర్సులు తరగతి గది కోర్సులే. వారంలో అయిదు రోజులూ పాఠాలు, వారాంతం పరీక్షల తయారీ అయితే గంటలు పెరగవు. కోర్సులో క్లినిక్ శిక్షణ ఉంది అని ప్రకటనలో కనిపిస్తే, అది ఎన్ని గంటలు, పశువైద్యుల సంతకంతో నమోదవుతుందా లేదా అని అడగాలి.

వీఎంకాస్‌కు కనీసం మూడు సిఫార్సు లేఖలు కావాలి. వాటిలో ఒకటైనా పశువైద్యులది కావాలని చాలా కళాశాలలు అడుగుతాయి. లేఖ బలం అందులోని వివరంలో ఉంటుంది. రోజూ వేళకు వచ్చేవారు, జంతువులంటే ప్రేమ అని రాసిన లేఖ ఎవరికైనా సరిపోతుంది. భయపడ్డ పిల్లిని తువ్వాలులో చుట్టి, ముందుకాలు చాపి పట్టుకుని, మోచేతి దగ్గర బొటనవేలితో రక్తనాళాన్ని ఒత్తిపట్టి నమూనా తీయడానికి వీలుగా నిలబడ్డారని, మత్తులో ఉన్న కుక్క చిగుళ్లు పాలిపోతున్నాయని ముందుగా గమనించి చెప్పారని రాసిన లేఖ ఒక్క మనిషికే సరిపోతుంది. అలాంటి లేఖ కావాలంటే ఒకే వైద్యుల దగ్గర నెలల తరబడి పనిచేయాలి. సర్టిఫికెట్ కోర్సు లాభం ప్రొఫెసర్లు ఇచ్చే లేఖలో కనిపిస్తుంది. ముప్పైమంది ఉన్న తరగతిలో ప్రొఫెసర్ విద్యార్థిని పేరుతో గుర్తుంచుకుంటారు. మూడొందల మంది ఉన్న అండర్‌గ్రాడ్ బయాలజీ తరగతిలో ఆ వీలు లేదు.

తెలుగు కుటుంబాలకు సంబంధించిన ముడులు

అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లల్లో మనుషుల వైద్యం కాకుండా పశువైద్యం వైపు వెళ్లాలనుకునేవారికి వీసా స్థితి పెద్ద మలుపు. హెచ్-4 మీద ఉన్నవారు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల మీద ఆధారపడే హోదా పోయి, చాలామంది విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాల్సి వస్తుంది. పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ అందే కేంద్ర రుణం హెచ్-4, ఎఫ్-1 వారికి అందదు. పైన చెప్పిన రుణాల లెక్కలేవీ వీరికి వర్తించవు. వీరికి మిగిలేది సొంత డబ్బు, లేదా పౌరుల హామీతో తీసుకునే ప్రైవేటు రుణం.

రాష్ట్ర ప్రభుత్వ నిధులతో నడిచే పశువైద్య కళాశాలలు ఎక్కువ సీట్లు సొంత రాష్ట్రవాసులకే ఉంచుతాయి. వేరే రాష్ట్రంలో ఏడాది సర్టిఫికెట్ చదివినంత మాత్రాన ఆ రాష్ట్రవాసి కాలేరు, చదువు కోసం వచ్చి ఉన్న కాలాన్ని నివాసంగా లెక్కించకపోవడమే సాధారణ నియమం. పైగా సొంత రాష్ట్రంలో అప్పటిదాకా ఉన్న నివాస హోదా చెదిరే ప్రమాదం కూడా ఉంది. ఊరు మారేముందు దీన్ని రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

హైదరాబాద్, విజయవాడల నుంచి బీఎస్సీ తర్వాత నేరుగా ఈ కోర్సుకు వెళ్లాలనుకునేవారికి రెండు అడ్డంకులున్నాయి. మూడేళ్ల బీఎస్సీని నాలుగేళ్ల అమెరికా డిగ్రీతో సమానంగా అన్ని విశ్వవిద్యాలయాలూ అంగీకరించవు. ఇక తప్పనిసరి సబ్జెక్టులు అమెరికా లేదా కెనడా కాలేజీలో చదివినవే కావాలని చాలా పశువైద్య కళాశాలలు అడుగుతాయి, అంటే ఇంటర్, బీఎస్సీల్లో చదివిన కెమిస్ట్రీ మళ్లీ చదవాలి. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే సర్టిఫికెట్‌తో ఎఫ్-1 వీసా రాదు. ఒక సెమిస్టర్‌లో ఒక ఆన్‌లైన్ కోర్సు, లేదా 3 క్రెడిట్లు మాత్రమే ఎఫ్-1 పూర్తికాల చదువులో లెక్కకొస్తాయి. క్లినిక్ అనుభవం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎఫ్-1 మీద ఉన్నవారు అనుమతి లేకుండా బయట జీతానికి చేరకూడదు. ప్రైవేటు క్లినిక్‌లో జీతం లేకుండా చేసినా, జీతం ఇవ్వాల్సిన పనిని చేస్తే చిక్కే. వైద్యుల పక్కన నిలబడి చూడటం, లాభాపేక్ష లేని జంతు షెల్టర్‌లో స్వచ్ఛంద సేవ సురక్షితమైన దారులు.

తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయాల్లో బీవీఎస్సీ చదివినవారికి ఈ సర్టిఫికెట్ అవసరమే లేదు. వారు ఇప్పటికే పశువైద్యులు. భారతదేశంలోని ఏ కళాశాలకూ ఏవీఎంఏ గుర్తింపు లేదు కాబట్టి వారు చేరుకోవాల్సిన మార్గం వేరు. ఒకటి, విదేశీ పశువైద్య పట్టాల కోసం ఏవీఎంఏ నడిపే ఈసీఎఫ్‌వీజీ. అందులో పట్టా ధ్రువీకరణ, ఇంగ్లిష్ పరీక్ష, రాతపరీక్ష బీసీఎస్ఈ, ఆపైన శస్త్రచికిత్స, మత్తు, రేడియాలజీ, శవపరీక్ష, గుర్రాలు, పశువులు, చిన్న జంతువుల విభాగాల్లో స్వయంగా చేసి చూపించాల్సిన సీపీఈ పరీక్ష ఉంటాయి. రెండోది పేవ్ అనే అలాంటిదే ఇంకో కార్యక్రమం, ఎక్కువ రాష్ట్రాలు దీన్నీ గుర్తిస్తాయి. ఏ దారిలో వెళ్లినా లైసెన్సుకు ఎన్‌ఏవీఎల్‌ఈ అనే పరీక్ష రాయాల్సిందే. బీవీఎస్సీ ఉన్నవారు దారి తెలియక ప్రీ-వెట్ సర్టిఫికెట్‌లో చేరితే ఏడాది కాలం, దాని ఫీజు రెండూ వృథా.

చేరేముందు అడగాల్సినవి

కొన్ని కోర్సులకు ఒక పశువైద్య కళాశాలతో ఒప్పందం ఉంటుంది. ఒప్పందం అన్న మాట వెనక ఏముందో విడదీసి చూడాలి. హామీ ఇంటర్వ్యూకా, సీటుకా? ఎంత జీపీఏ ఉంటే, ఏ సబ్జెక్టులోనూ ఎంతకు తగ్గకుంటే? రాష్ట్రేతరులకూ అంతర్జాతీయ విద్యార్థులకూ అదే హామీ వర్తిస్తుందా? హామీ ఏడాదికేనా, తర్వాతి దరఖాస్తుకూ పనిచేస్తుందా? ఇంటర్వ్యూ హామీ కూడా మంచిదే, దాన్ని సీటు హామీగా చదువుకోవడమే ప్రమాదం.

గత బ్యాచ్‌లలో ఎంతమందికి సీట్లొచ్చాయని అడిగినప్పుడు చెప్పే శాతం దేని మీద లెక్కగట్టారన్నది చాలా ముఖ్యం. కోర్సులో చేరినవారందరి మీదా, కోర్సు పూర్తిచేసినవారి మీదా, దరఖాస్తు చేసినవారి మీదా? నలభైమంది చేరి, ముప్పైమంది ముగించి, ఇరవైమంది దరఖాస్తు చేసి, పన్నెండుమందికి సీటొస్తే దాన్ని 60 శాతం అనొచ్చు, 40 శాతం అనొచ్చు, 30 శాతం అనీ చెప్పొచ్చు. మూడూ నిజమే. ఫీజు కట్టే కుటుంబానికి కావాల్సింది 30. మనుషుల వైద్యం, దంతవైద్యం సీట్లను కలిపి చెప్పే కోర్సుల్లో పశువైద్యం సీట్లు ఎన్నో విడిగా అడగాలి.

సర్టిఫికెట్ క్రెడిట్లను అదే విశ్వవిద్యాలయం మాస్టర్స్‌కు బదిలీ చేస్తుందా అన్నదీ చూడాలి. డీవీఎం సీటు రాకపోతే ల్యాబ్ జంతువుల సంరక్షణ, ప్రజారోగ్యం, ఔషధ పరిశోధన ఉద్యోగాలకు మాస్టర్స్ పట్టా పనికొస్తుంది, సర్టిఫికెట్‌కు విడిగా అంత గిరాకీ లేదు. మధ్యలో మానేస్తే ఏ తేదీ వరకు ఎంత ఫీజు వెనక్కిస్తారు, ట్రాన్స్‌క్రిప్టు మీద డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడుతుందా, గ్రేడు పడుతుందా అన్నవి మొదటి వారంలోనే తెలిసి ఉండాలి. మొదటి మిడ్‌టర్మ్ మార్కులు అక్టోబరు తొలి వారాల్లో చేతికొస్తాయి. అప్పటికి రెండు సబ్జెక్టుల్లో సీ కనిపిస్తుంటే, గడువులోపు ఒక సబ్జెక్టు వదిలేసి మిగతావి నిలబెట్టుకోవడం ట్రాన్స్‌క్రిప్టుకు తక్కువ నష్టం. ఎఫ్-1 మీద ఉన్నవారు మాత్రం సబ్జెక్టు వదిలేముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి తీసుకోవాలి, క్రెడిట్లు పూర్తికాల హద్దు కంటే తగ్గితే వీసా హోదాకే ముప్పు.